ఫ్లోరెన్స్ పాడుతున్న కారు

“కంపెనీ వైరుకు నేను కత్తెర పెట్టలే మేడం. మా అబ్బాజాన్ మీద ఒట్టు.”

ఖమ్మానికి దూరంగా, అడవి దారి ఠాణాలో, లాకప్ ఊచల వెనక నుంచి ఫజల్ అదే మాట మళ్లీ అన్నాడు. రాత్రంతా కటిక నేల మీద పడుకున్నా మనిషిలో గొప్పలకేం కొదవ లేదు. ఖమ్మంలో ఖానాపురం హవేలి రోడ్డు మీద ‘మెహర్ కార్ డెక్స్’ అని కూతురి పేరున దుకాణం నడుపుతున్నాడు. కార్లలో పాటల సెట్టు బిగించడంలో తనంతటివాడు హైదరాబాదులో కూడా లేడని ఆయన నమ్మకం. ఇప్పుడు ఆ పని మీదే కేసు పడింది.

మొన్న సాయంత్రం భద్రాచలం వైపు అడవి దారిలో స్తెఫను కారు టేకుచెట్టుకు గుద్దుకుంది. స్తెఫను ఖమ్మం దవాఖానాలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. కారు లోపల, పాటల సెట్టు కోసం లాగిన ఎర్ర వైరు ఒకటి మాడి బొగ్గయింది. ఆ వైరు అదే వారంలో లాగింది ఫజల్. వైరు అంటుకుని, పొగ కమ్ముకుని, ముసలాయన తడబడి చెట్టుకు కొట్టాడని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దేవ్‌సింగ్ కేసు రాసేశాడు. బెయిలు దొరకని సెక్షను కూడా వెతికి మరీ పెట్టాడు. సాయంత్రం మేజిస్ట్రేటు ముందు నిలబెడితే ఫజల్ నేరుగా జైలుకే. ఆ ముసలాయన ప్రాణం పోతే మళ్లీ ఎప్పుడు బయటికొస్తాడో చెప్పలేం.

ఫజల్ భార్య షహజాది పొద్దున్నే నా గుమ్మంలో నిలబడి ఒక్కటే మాట చెప్పింది. “మా ఆయన గొప్పలు చెప్తడు మేడం. అబద్ధం మాత్రం చెప్పడు.” కాపురం చేసిన మనిషి ఇచ్చిన సర్టిఫికెట్టు అది. నేను ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నాక గుండె గట్టి చేసుకోవాల్సి వచ్చింది. హెడ్ కానిస్టేబులుగా రిటైరై, ఖమ్మంలో ‘ఇన్నమ్మ, ప్రైవేట్ డిటెక్టివ్’ అని బోర్డు పెట్టినప్పుడు ఊరంతా నవ్వితే, నవ్వకుండా పూలదండ పట్టుకొచ్చినవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు స్తెఫను. రెండోది ఆయన భార్య ఫ్లోరెన్స్, నా చిన్ననాటి స్నేహితురాలు. ఫ్లోరెన్స్ పోయి మూడేళ్లయింది. ఇవాళ నేను ఆమె భర్తను చావు అంచుకు నెట్టాడంటున్న మనిషి పక్షాన వచ్చి కూర్చున్నాను.

“ఏం పని చేసినవో మొదటి నుంచి చెప్పు ఫజల్ భాయ్,” అన్నాను. “గొప్పలు తీసేసి చెప్పు.”

“ముసలాయన వచ్చిండు. సౌండ్ పెంచాలె గని డెక్కు మార్చొద్దన్నడు. ఇది క్యాసెట్ డెక్కు సారూ, ఈ కాలంల ఎవలు వింటరు, సీడీది పెట్టిస్త అన్న. ఇనలే. ‘దీంట్ల నా భార్య పాడుతది’ అన్నడు.” ఫజల్ ఊచ మీద గోటితో గీకాడు. “ఇగ నేనేమనలే.”

“తర్వాత?”

“వెనక స్పీకర్లకు పోయే కంపెనీ వైరు ఉంటది గదా, దాని నడుమ ఒక జోడు ప్లగ్గు పెట్టిన. అండ్లకెళ్లి పాట ఒక చిన్న డబ్బీలకు పోతది. ఆ డబ్బీ నుంచి సీటు కింద ఆంప్లిఫయర్‌కు. వెనక కొత్త స్పీకర్లను, డిక్కీల బేస్ డబ్బాను ఆడిచ్చేది అదే. ముందటి రెండు స్పీకర్లను ముట్టనే లేదు. అవి కంపెనీ సెట్టు కిందనే పాత లెక్కనే మోగుతయి. రేపు వద్దనుకుంటే నా ప్లగ్గు గుంజుడే. కారు షోరూం నుంచి వచ్చినట్టు ఉంటది. ఖమ్మంల ఇట్ల చేసేటోడు...”

“గొప్పలు వద్దన్న గదా. ఆంప్లిఫయర్‌కు కరెంటు యాడికెళ్లి?”

“బ్యాటరీ నుంచి సీదా లాగిన. ఎర్ర వైరు.”

“ఫ్యూజు?”

ఫజల్ ఊచ వదిలి తల గోక్కున్నాడు.

“సీటు కింద,” అన్నాడు.

“బ్యాటరీ పక్కనే ఉండాలె గదా.”

“ఉండాలె. బానెట్ల పెట్టే ఫ్యూజు డబ్బీ అయిపోయింది. సోమవారం సరుకొస్తది, పిలిచి మారుస్త అనుకున్న.” గొంతు బాగా దిగిపోయింది. “వైరుకు రెండు తొడుగులేసిన మేడం. దానంతట అది కాలదు. ఖురాన్ మీద చెప్పమన్నా చెప్త.”

ఒట్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు, తప్పు తప్పే. బ్యాటరీ నుంచి సీటు దాకా ఆ వైరుకు కాపలా లేదు. మధ్యలో ఎక్కడ ఇనుముకు తగిలినా మాడిపోవాల్సిందే, ఆపే ఫ్యూజు దాని దారిలో లేదు. దేవ్‌సింగ్‌కు ఇదొక్కటి చాలు.

“బిగించేటప్పుడు బ్యాటరీ తీసినవా?”

“తియ్యకుంట వైరు పని ఎవలు చేస్తరు? గని ఆ డెక్కుకు ఒక తిరకాసు ఉంది. బ్యాటరీ తీసి మళ్ల పెడితే తాళం పడ్తది. దొంగలు ఎత్తుకపోకుండ కంపెనీయే పెట్టింది. నాలుగంకెల కోడ్ కొట్టేదాక పాట రాదు. ముసలాయన నా చెవుల చెప్పిండు. ‘ఇది నాకు, మా ఫ్లోరెన్స్‌కే తెలుసు. ఇప్పుడు నీకు తెలిసింది’ అని నవ్విండు. ఆమె లేదని నాకు అప్పటికి తెల్వదు మేడం. ఆమెకు కూడా పాట వినిపిస్త, తీసుకరా అన్న.”

నేను లేచి బయటికి వచ్చేశాను. అక్కడ ఇంకాసేపు కూర్చుంటే ఫజల్ కంటే ముందు నేనే ఏడ్చేదాన్ని.

ఠాణా ఆవరణలో కారు ఎడమ కన్ను పోగొట్టుకుని నిలబడి ఉంది. దాని ముందు చెడిన బండ్లను లాక్కుపోయే గుంజుడు వ్యాను ఒకటి, అప్పుడే తాడు విప్పుతున్నారు. వ్యాను పక్కన జస్టిన్.

జస్టిన్ ఫ్లోరెన్స్ అన్నకొడుకు. తల్లీతండ్రీ లేని పిల్లవాణ్ణి ఫ్లోరెన్స్, స్తెఫను తెచ్చి సాకారు. ఇప్పుడు సత్తుపల్లిలో కార్ల మరమ్మతు షెడ్డు పెట్టుకున్నాడు. నన్ను చూడగానే “ఇన్నమ్మత్తా” అంటూ ఎదురొచ్చాడు. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

“మామకు ఎట్లుంది?”

“అట్లనే ఉన్నడత్తా. నేను ఆడికెళ్లే వస్తున్న. బండి ఈడ ఎండకు పాడైతదని మా షెడ్డుకు తీసుకపోతున్న. సారు ఒప్పుకున్నరు.”

“నువ్వు ఒప్పుకున్నవా?” అని, వరండాలోంచి దిగి వస్తున్న దేవ్‌సింగ్ వైపు తిరిగాను. “బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూడకముందే?”

“ఆయన లీవుల ఉన్నడు, సోమవారం వచ్చి షెడ్డుల చూస్తడు,” అన్నాడు దేవ్‌సింగ్. “మాడిన వైరు కండ్ల ముందట కనబడుతుంటే ఇంకేం చూడాలె అక్కా? ఇంతకూ మీరు పోలీసా, ప్లీడరా?”

“నీ మొదటి కేసు డైరీల తప్పులు దిద్దినదాన్ని.”

పక్కనున్న కానిస్టేబుల్ దూలయ్య నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. దేవ్‌సింగ్ మొహం గంటు పెట్టుకున్నాడు. ఈయన ట్రైనీగా ఖమ్మం వచ్చినప్పుడు నేను హెడ్‌ను. అప్పట్లో నేను కూర్చోమంటే తప్ప కూర్చునేవాడు కాదు. చురుకైనవాడే, కాని మొదట కనబడిన జవాబును పట్టుకుని ఇంక వదలడు. అప్పుడూ అంతే.

“మీ ఫజల్ ఒక్కడే కాదు, ఇంకో మనిషి కోసం కూడ వెతుకుతున్న,” అన్నాడు వరండా వైపు చెయ్యి చూపి. “కారుల ఒక ఆడమనిషి ఉండె. చూసింది గాడ కూసున్న సక్రి.”

సక్రి అడవి అంచు తండా మనిషి. మేకలు మేపుకుంటుంది. పొద్దుటి నుంచి కూర్చోబెట్టినట్టున్నారు, విసుగ్గా కొంగుతో విసురుకుంటోంది. నేను ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

“ఏం చూసినవో చెప్పవ్వా.”

“ఎన్నిసార్లు చెప్పాలె? మేకలు తోలుకొస్తున్న. కారు పోయింది, అండ్ల పాట మస్తు గట్టిగ మోగుతున్నది. దాని ఎనక మోటరుసైకిలు. వాడు పీపీపీ అని హారను ఆపకుండ కొడుతనే ఉన్నడు. మలుపు కాడ ధన్‌మన్నది.”

“నువ్వు పోయి చూసినవా?”

“ఉరికిన. ముసలాయన నెత్తికి నెత్తురు. కండ్లు తెరిచే ఉన్నయి. పాట మోగుతనే ఉంది, ఆడమనిషి గొంతు.”

“మోటరుసైకిలు?”

“రోడ్డు పక్కన నిలబెట్టి ఉంది. మనిషి లేడు. చెట్లల్లకు పోయిండేమో.”

“ఈ మాట సారుకు చెప్పినవా?”

“అడిగితే గదా! ఆడామె ఎవలు, ఆడామె ఎవలు అని అదొక్కటే అడిగిరి.”

దేవ్‌సింగ్ దగ్గాడు. నేను ఆయన వైపు చూడకుండా అడిగాను. “అప్పుడు కాలిన వాసన ఏమన్న వచ్చిందా?”

“లేదు. నేను తండకు ఉరికి మొగోళ్లను పిలుసుకొచ్చిన. మేం మళ్ల వచ్చేసరికి పాట లేదు, మోటరుసైకిలు లేదు. ముక్కులు పగిలేటట్టు రబ్బరు కంపు. ముసలాయన కండ్లు మూసిండు.”

“విన్నవా సారూ? చెట్టుకు గుద్దుకున్నప్పుడు పొగ లేదు. పొగ తర్వాత వచ్చింది.”

“మేకలు కాసే మనిషి, భయంల ఏం చూసిందో ఏమో,” అన్నాడు దేవ్‌సింగ్. “కోర్టుల ఈమె మాట ఎంతసేపు నిలబడ్తది అక్కా?”

“తండా మనిషి మాట నీకే చెల్లకుంటే ఇంకెవలికి చెల్లుతది?”

మాట సూటిగానే తగిలింది. ఆయనా తండాలో పుట్టి, లాంతరు దగ్గర చదువుకుని వచ్చినవాడే.

“ఇగ కారుల ఆడమనిషి కోసం వెతకడం ఆపెయ్యి,” అన్నాను. “ఆమె పేరు నాకు తెలుసు. ఫ్లోరెన్స్. చచ్చిపోయి మూడేండ్లయింది. అది క్యాసెట్టు.”

దేవ్‌సింగ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

కారు దగ్గరికి నడిచాం. డ్రైవరు సీటు పక్కన చాప మడిచి చూశాను. ఎర్ర వైరు చారెడు పొడవున నల్లగా కమిలి, లోపలి రాగి కరిగి తెగి, సీటు ఇనుముకు అతుక్కుపోయి ఉంది. మిగతా వైరంతా కొత్త పెళ్లికూతురిలా నిగనిగలాడుతోంది. ఫజల్ చెప్పినట్టే రెండు తొడుగులు. ఒరుసుకుని తెగిన తొడుగు చివర చింపిరిగా ఉంటుంది. ఇక్కడ అంచు నున్నగా తెగింది. బ్లేడు పని.

“బానెట్ ఎవలన్న ఎత్తినరా?”

“లేదు. దొరికినకాడనే నేను సీలేసిన,” అన్నాడు దేవ్‌సింగ్. “తాళంచెవి ఆఫ్‌ల ఉండె. తీసి జేబుల ఏసుకున్న. అప్పటిసంది ఎవలూ తిప్పలే.”

“ఇప్పుడు తిప్పు. పాట పెట్టి చూద్దం.”

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. నా వెనక నుంచి జస్టిన్ అన్నాడు, చాలా మెల్లగా, నా మీద జాలితో అన్నట్టే అన్నాడు.

“ఎందుకత్తా ఊకె బాధ? పాట రాదు. కోడ్ అడుగుతది. అది మామకు తప్ప ఎవలికీ తెల్వదు.”

నేను విననట్టే ఉండిపోయాను. దేవ్‌సింగ్ తాళం తిప్పాడు. సెట్టు మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. ‘కోడ్’ అని ఇంగ్లీషులో నాలుగక్షరాలు వచ్చి మెరుస్తూ నిలబడ్డాయి.

ఆ పచ్చ దీపం నాకు తెలుసు. కారు కొన్న కొత్తలో ఫ్లోరెన్స్ నన్ను ఎక్కించుకుని భద్రాచలం దాకా తిప్పింది. “కారు ఆయనది, ఈ పాటల పెట్టె నాది” అంటూ ఆ మీటలు నన్ను ముట్టుకోనివ్వలేదు. దారి పొడవునా ఒకటే నవ్వు. గోదారి వంతెన మీద కారు ఆపించి, పాట పూర్తయ్యాకే కదలనిచ్చింది. వెనక లారీవాళ్లు హారన్లు కొడుతుంటే చెయ్యి ఊపింది. అంత సంతోషంగా ఉండే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

“సారూ, ఒకసారి ఫజల్‌ను పిలిపియ్యి,” అన్నాను.

దూలయ్య తీసుకొచ్చాడు. ఫజల్ సెట్టు చూసి అదిరిపడ్డాడు.

“తాళం పడ్డదేంది? బ్యాటరీ ఎవలు తీసిండ్రు?”

“నీ వైరు కాలింది గదా, దానికి పడ్డదేమో,” అన్నాను కావాలనే.

“ఏం మాట మేడం? నా వైరు కాలితే నా ఆంప్లిఫయర్ చస్తది. డెక్కుకు కంపెనీ వైరు వేరే ఉంది. దానికేం గాదు. బ్యాటరీ తీసి పెడితేనే కోడ్ అడుగుతది.”

“సరే. ఇగ నేను చెప్పేది విను దేవ్‌సింగూ.” సారు అనడం మరిచిపోయాను, ఆయన కూడా పట్టించుకోలేదు. “కారు గుద్దుకున్నది. పాట మోగుతనే ఉంది. సక్రి తండకు ఉరికింది. చెట్లల్ల దాక్కున్న మనిషి బయటికొచ్చిండు. బానెట్ ఎత్తి బ్యాటరీ తీసిండు, పాట ఆగింది. తొడుగు కోసి వైరును సీటు ఇనుముకు ఆనిచ్చిండు. మళ్ల బ్యాటరీ తగిలిచ్చిండు, వైరు మాడింది. వైరు పని తెల్వనోడైతే బ్యాటరీ జోలికే పోడు. కరెంటు ఉండంగనే వైరు పట్టుకుంటడు. బ్యాటరీ తియ్యకుంట వైరు ముట్టనోడు మెకానిక్కు. చెయ్యి అలవాటు. పోయేటప్పుడు తాళం ఆఫ్ చేసిపోయిండు చూడు, అది గూడ షెడ్డుల అలవాటే.”

“ఏ మెకానిక్కు?”

“నీ జేబులకెళ్లి తాళం బయటికి రాకముందే, సెట్టు కోడ్ అడుగుతదని ఎవలు చెప్పిండ్రు?”

దేవ్‌సింగ్ ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత ఇద్దరం ఒకేసారి జస్టిన్ వైపు తిరిగాం.

“అందాజుగ అన్న,” అన్నాడు జస్టిన్. “బండి గుద్దుకుంది గదా, బ్యాటరీ కదిలి ఉంటదని...”

“దూలయ్యా, బ్రేకు తొక్కు,” అన్నాను.

దూలయ్య సీట్లో కూర్చుని కాలు పెట్టాడు. పెడలు సప్పుడు లేకుండా నేల దాకా దిగిపోయింది. నేను మోకాళ్ల మీద కూర్చుని ముందు చక్రం లోపలికి తొంగి చూశాను. టైరు లోపలి వైపంతా నూనె తడి, దాని మీద మన్ను అంటుకుని ఉంది. బ్రేకు ఆయిలు పోయే రబ్బరు గొట్టం నిలువునా చీలింది. పైన నల్లరంగు పూశారు గాని, చీలిన చోట లోపలి రబ్బరు ఎండి బీటలు వారింది. ఎక్కడో పాత బండికి విప్పిన గొట్టం అది.

“మీ మామ బ్రేకులు ఎవలు చేసిండ్రు బిడ్డా?”

నేను ఫజల్‌కు సైగ చేశాను. ఆయన లోపలికి వంగి, చేతిని అడ్డం పెట్టుకుని నాలుగు మీటలు నొక్కాడు. ఏం చేస్తాడు మరి, ముసలాయన నమ్మి చెవిలో చెప్పిన కోడ్ అది. సెట్టు లోపల టేపు కిర్రుమని తిరిగింది.

ఫ్లోరెన్స్ పాడటం మొదలుపెట్టింది.

కొత్త స్పీకర్లు చచ్చిపోయాయి. ముందు తలుపుల్లో ఉన్న రెండు పాత స్పీకర్లు మాత్రమే మోగుతున్నాయి. సన్నగా, కొంచెం గరగరగా, నేను ఆమె పక్కన కూర్చుని విన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది. క్రిస్మస్ కోసం మా ఫ్లోరెన్సే కట్టిన పాట అది. మిషన్ కాంపౌండు హాల్లో రికార్డు చేశాం. టేప్ రికార్డరు ఫాదర్ గారిది. రెండుసార్లు కరెంటు పోయింది. మూడోసారి బయట మేక అరిచింది, అది కూడా పాటలోనే ఉండిపోయింది. రెండో గొంతు నాది. డ్యూటీ దిగి యూనిఫారంలోనే పరుగెత్తుకొచ్చి పాడాను. నా గొంతు అంత లేతగా ఉండేదని నేను మరిచేపోయాను. ఆ హాలు, ఆ సాయంత్రం, నా భుజం మీద చెయ్యేసి తాళం చూపిస్తున్న ఆమె వేళ్లు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఠాణా ముందు, అందరూ చూస్తుండగా, నాకు కన్నీళ్లు ఆగలేదు.

రెండో చరణానికి డోలక్కు అందుకుంది. తడబడుతూ, ఒక దెబ్బ వెనకబడి, మళ్లీ పరుగెత్తి కలుసుకుంటూ.

“అది కొడుతున్నది ఎవలు జస్టిన్?” అన్నాను.

ఆ డోలక్కు వాడికంటే పెద్దది. నడుముకు కట్టుకుంటే పడిపోతాడని ఫ్లోరెన్స్ తన ఒళ్లో కూర్చోబెట్టుకుని వాయింపించింది.

జస్టిన్ కారు తలుపు పట్టుకుని కిందికి జారిపోయాడు.

“చంపాలనుకోలే అత్తా. యేసు సాక్షి. కొత్త గొట్టం తెప్పిచ్చిన. నేను లేనప్పుడు షెడ్డుల పోరలు పాతది బిగిచ్చిండ్రు. మామ బండి తీసుకపోయినంక చూసిన, కొత్తది బల్ల మీదనే ఉంది. మోటరుసైకిలేసుకుని ఎనక ఉరికిన. దమ్మపేట దాటినంక దొరికిండు. హారను కొట్టిన. ఎంత కొట్టిన అత్తా! సక్రిని అడుగు. ఇనబడలే. అత్త పాట అంత సౌండ్ పెట్టుకున్నడు. ఎన్నడు గట్ల పెట్టలే మామ.” చేత్తో ఫజల్ వైపు చూపించాడు. “వీడు ఆ డబ్బాలు బిగియ్యకుంటే నా హారను ఇనబడేది. ఆపేటోడు. నా తప్పొక్కటేనా?”

“అందుకని వైరు కాల్చినవా?”

“గొట్టం మీదికి ఎవలూ చూడొద్దని...” ఎక్కిళ్లు పడుతున్నాడు. “మామ నన్నే చూస్తున్నడు అత్తా. కండ్లు తెరిచి, నేను వైరు కోస్తుంటే చూస్తున్నడు. నీళ్లడిగిండు. నేను ఇయ్యలే. తండోళ్ల మాటలు వినబడితే పారిపోయిన.”

దేవ్‌సింగే చెయ్యి పెట్టి సెట్టు ఆపాడు. ఫజల్ గోడకు ఆనుకుని, మెల్లగా ముఖం తుడుచుకుని, దూలయ్యను చాయ్ అడిగాడు. గేటు దగ్గర టిఫిను డబ్బాతో నిలబడ్డ షహజాది మాకు దూరంగా ఉన్నా, మొగుడు చాయ్ అడిగిన తీరు చూసి విషయం గ్రహించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను గెలిచాననుకున్నాను.

అప్పుడు దేవ్‌సింగ్ సెల్ మోగింది. ఆయన చెవికి పెట్టుకుని “అవ్... అవ్... డాక్టరు ఉన్నడా?” అన్నాడు. ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు.

“ముసలాయనకు మెలకువ వచ్చింది.”

“దేవునికి స్తోత్రం,” అన్నాను.

“ఆగక్కా. డాక్టరు ముందట వాంగ్మూలం ఇచ్చి సంతకం చేసిండంట. కారుల పొగ లేచింది, వైరు అంటుకుంది, కండ్లు కనబడక చెట్టుకు కొట్టిన అన్నడంట. సెట్టు బిగిచ్చినోడు సరిగ్గ బిగియ్యలే, తప్పు వానిదే అన్నడంట.”

“అబద్ధం!” ఫజల్ చేతిలో గ్లాసు ఒలికింది.

“ఇంకోటి గూడ.” దేవ్‌సింగ్ నా కళ్లలోకి చూశాడు. “ఎవలూ అడగకముందే రెండుసార్లు చెప్పిండంట. ‘మా జస్టిన్ ఆడ లేడు. వానికేం సంబంధం లేదు’ అని.”

ఎందుకు చెప్పాడో నాకు చెప్పనక్కర్లేదు. నీళ్లివ్వకుండా పోయిన ఆ పిల్లవాణ్ణి, కళ్లు తెరవగానే కాపాడుకున్నాడు. ఫ్లోరెన్స్ ఉంటే ఆమె కూడా అదే పని చేసేదేమో. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

జస్టిన్ ఏడుపు ఆగింది. లేచి, ప్యాంటుకు అంటిన మన్ను దులుపుకున్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు. “దుఃఖంల ఏదో వాగిన సారూ. నేను ఆడ లేను. మామే చెప్పిండు గదా.”

పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో పనికిరాదు. అది నాకూ తెలుసు, దేవ్‌సింగ్‌కూ తెలుసు, ఇప్పుడు జస్టిన్‌కూ గుర్తొచ్చింది. సక్రి మోటరుసైకిలు చూసింది గాని మొహం చూడలేదు. గొట్టం గుద్దుడుకు చీలిందని వాదిస్తారు. కోడ్ సంగతి అందాజు అంటాడు. ఫ్యూజు మాత్రం సీటు కిందే ఉంది, దాన్ని అక్కడ పెట్టింది ఫజలే.

“బండి ఈడనే ఉంటది. ఏ షెడ్డుకూ పోదు,” అని దేవ్‌సింగ్ వ్యానువాణ్ణి కసిరాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “నువ్వు చెప్పిందే నిజం అక్కా. తెలుసు. గని గాయపడ్డ మనిషే సంతకం పెట్టినంక నేను వీణ్ణి ఇడిచిపెట్టలేను.”

“ఎంతసేపు ఆపగలవ్?”

“పొద్దు గూకేదాక. అంతే.”

దూలయ్య ఫజల్ భుజం మీద చెయ్యి వేశాడు. మొరటుగా కాదు. ఫజల్ రెండడుగులు వేసి ఆగాడు. గొప్పలన్నీ ఎటుపోయాయో, చిన్నపిల్లవాడిలా అడిగాడు.

“మేడం, ఆయన పాట కోసం ఆ డెక్కుకు గీత గూడ పడనియ్యలే నేను. నా మొఖం చూసి ఆ మాట చెప్పగలడా?”

చెప్పలేడు. స్తెఫనన్నను నేను ఎరుగుదును. అందుకే ఆయనకు ఫజల్ మొహం గుర్తు చేయాలి. షహజాది మొహం చూపించాలి, ఆమెను వెంటబెట్టుకుని పోవాలి. నా స్నేహితురాలు ఒళ్లో కూర్చోబెట్టుకుని పెంచిన పిల్లవాణ్ణి జైలుకు పంపమని, ఇప్పుడే కళ్లు తెరిచిన ఆమె భర్తను అడగడానికి నేను ఖమ్మం పోయే జీపు ఎక్కాను.